ఆగమనే ఈల

మూడింటికి రమ్మన్నారని గ్లెనిస్ రెండున్నరకే వచ్చి కూర్చుంది. ఇప్పుడు గోడ గడియారంలో మూడూ ఐదు, లోపలి వాళ్ళు ఇంకా పిలవలేదు, పిలిచేదాకా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియడం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ వేళకు ఆ చేతులకు పని ఉంది. బడి వెనక రేకుల గదిలోంచి నారింజ రంగు జెండాలు తీయాలి, రోడ్డుకు అటొకటి ఇటొకటి గుచ్చాలి, మెరిసే కోటు తొడుక్కోవాలి, పొడుగు కర్రకున్న గుండ్రటి 'ఆగు' పలక పట్టుకుని మూడుంపావుకల్లా క్రాసింగ్ దగ్గర నిలబడాలి, మూడున్నరకి గంట మోగుతుంది, పిల్లలొస్తారు. మూడు వారాలుగా ఆ పలక ఇంకెవరో పట్టుకుంటున్నారు. పక్క ఊరి నుంచి తెచ్చారట, చేతులకు తొడుగులు కూడా వేసుకుంటాడట, పిల్లల పేర్లు అడగడట. పేర్లు తెలియకుండా పిల్లల్ని ఎలా దాటిస్తాడో, గొర్రెల మందను దాటించినట్టా, మందలో కూడా నాన్న ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టేవాడు. కొల్లబిన్ కౌన్సిల్ ఆఫీసు నడవాలో ఆరు కుర్చీలుంటే ఒకటి విడిచి ఒకదానికి పసుపు టేపు చుట్టారు, కూర్చోవద్దని. గోడ మీద వందేళ్ళ కిందటి కౌన్సిల్ పెద్దల ఫోటోలు, అందరికీ బొడ్డుదాకా గడ్డాలు, వీళ్ళకి మాస్కు ఎక్కడ పట్టేది అనుకుని నవ్వింది, నవ్వగానే కళ్ళజోడుకు ఆవిరి పట్టి గడ్డాలన్నీ మాయమయ్యాయి. ఈ మాస్కు వచ్చాక నవ్వినప్పుడల్లా లోకం మసకబారుతోంది, అందుకే ఊళ్ళో నవ్వడం తగ్గించేశారు కాబోలు.

లోపల ముగ్గురు కూర్చుని ఆమెను అడిగేది ఒకే ఒక్క ప్రశ్న. ముందే కాగితంలో రాసి పంపారు. అక్టోబరు ఇరవయ్యో తారీఖు బడి వదిలే వేళ మీరు మాస్కు ఎందుకు తీశారు, ఆ సైగ ఎవరికి చేశారు. జవాబు నచ్చితే పలక తిరిగి ఆమె చేతికొస్తుంది, నచ్చకపోతే కోటు ఉతికి మడతపెట్టి ఇచ్చెయ్యాలి, అరవై ఏడేళ్ళ మనిషికి మళ్ళీ అలాంటి కోటు ఎవరిస్తారు. ఊళ్ళో అందరి దగ్గరా ఈ ప్రశ్నకు జవాబుంది. రొట్టెల కొట్టు ముందు ఒక జవాబు, పబ్బు ముందు ఒక జవాబు, మందుల షాపు ముందు ఇంకొకటి. ఆమెను ఆపి ఆమెకే చెప్తున్నారు, ఎందుకు తీసిందో. ఆమె తల ఊపి వచ్చేస్తోంది. జవాబు లేక కాదు, ఉన్న జవాబు చెప్పుకునేది కాక.

ఫోటో గురించి తలుచుకుంటే తప్పు ఎవరిదీ అనిపించదు. కైలీ అనే పిల్ల, పిల్ల అంటే ముగ్గురు పిల్లల తల్లి, తన చిన్నాడి ఊడిన పన్ను ఫోటో తీద్దామని రోడ్డుకు అవతల కారు పక్కన నిలబడి ఫోను ఎత్తింది. ఫోటోలో పన్ను పడలేదు, గ్లెనిస్ పడింది. మాస్కు గడ్డం కిందికి లాగేసి ఉంది, ఒక చేతిలో 'ఆగు' పలక, రెండో చెయ్యి ముఖం ముందు, వేళ్ళు రెండు నిటారుగా పైకి, చేతి వెనకవైపు కెమెరా వైపు. కొల్లబిన్‌లో అలా రెండు వేళ్ళు ఎత్తి చూపిస్తే ఏమని అర్థమో మూడో తరగతి పిల్లను అడిగినా చెప్తుంది, అది నోటితో అంటే నోరు సబ్బుతో కడుగుతారు. వెనకాల బడి కంచె మీద, మాస్కు పెట్టుకుందాం ఒకరినొకరం కాపాడుకుందాం అని ఆరోగ్య శాఖ వాళ్ళ పెద్ద బ్యానరు. ఎవరైనా డబ్బిచ్చి తీయించినా అంత కుదురుగా రాదు. కైలీ నవ్వుకుని, మన గ్లెనిస్‌కి కూడా విసుగొచ్చేసింది అని రాసి ఊరి ఫేస్‌బుక్ పేజీలో పెట్టింది. సాయంత్రం టీ తాగే వేళకి నాలుగు వందల మంది తిట్టుకున్నారు, కొల్లబిన్ జనాభా రెండు వేలు, అందులో పసిపిల్లల్నీ వృద్ధాశ్రమం వాళ్ళనీ తీసేస్తే మిగిలిన వాళ్ళలో నోరు విప్పని వాడు లేడు. నియమాల పేరుతో మన నోళ్ళు కట్టేస్తుంటే ఒక ముసలావిడ లేచి నిలబడింది అని సగం మంది. చిన్నపిల్లల ముందు ఏం బుద్ధి చూపిస్తోంది అని సగం మంది. అప్పటికి ఆ ఊళ్ళో ఆ జబ్బు వచ్చింది ఒక్కడికి, వాడూ ఊరివాడు కాదు, పెట్రోలు పోయించుకోవడానికి ఆగాడు.

ఆ వేళ్ళు ఎవరికీ చూపించలేదు. నోట్లోకి వెళ్తున్నాయి. ఎంత చిన్న విషయం, చెప్తే ఎవరైనా నమ్ముతారు, అదే కదా ఇబ్బంది. అక్టోబరులో బళ్ళు తెరిచినప్పుడు కౌన్సిల్ వాళ్ళు క్రాసింగ్ మనుషుల ఈలలన్నీ ప్లాస్టిక్ సంచుల్లో వేయించుకుని పట్టుకుపోయారు, నోట్లో పెట్టుకునే వస్తువు, ఊదితే తుంపర్లు పడతాయి, ఇక మీదట నోటితో చెప్పండి అన్నారు. ఆమె ఈల మీద ఇరవై రెండేళ్ళ పంటి గాట్లు ఉండేవి. సరే అని ఇచ్చేసింది. కానీ గుడ్డ కట్టిన నోటితో రోడ్డు పక్కన ఎంత అరిచినా గొంతు పక్కింటి దాకా పోదు. ఆ రోజు జెండాలు పెట్టే ఉన్నాయి, ఆమె ఇంకా రోడ్డు మధ్యకు వెళ్ళలేదు, గట్టు మీద పధ్నాలుగు మంది పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, కుడివైపు నుంచి పాల ట్యాంకరు వస్తోంది. ఆగుతుందిలే అనుకుంది, జెండాలు కనపడగానే అందరూ ఆగుతారు. ఈలోగా టిల్లీ చేతిలోని కాగితం కిరీటం, ఆ రోజు వాళ్ళ క్లాసులో అందరూ రాజులూ రాణులూనట, గాలికి లేచి రోడ్డు మీద పడింది. టిల్లీకి ఆరేళ్ళు. ఆరేళ్ళ పిల్లకి కిరీటం పడిపోతే ట్యాంకరు కనిపిస్తుందా. గ్లెనిస్ అరిచింది, అరుపు గుడ్డలోనే ఉండిపోయింది, చెయ్యి దానంతటదే మాస్కును కిందికి లాగింది, రెండు వేళ్ళూ నాలుక కిందికి వెళ్ళాయి, నాన్న నేర్పిన ఈల, పొడుగ్గా ఒక్కటి.

పొడుగ్గా ఒక్కటి వేస్తే ఆగు. పొట్టిగా రెండు వేస్తే రా. నాన్నకి రెండే కుక్కలు, నిప్, ఫ్లాస్, అర మైలు అవతల గుట్ట మీద ఉన్నా ఆ ఒక్క ఈలకి పొట్ట నేలకానించి పడుకునేవి. ఆగమన్నాక రమ్మనేదాకా ఆగే ఉండాలి, వానొచ్చినా సరే, కుక్కకి అదే చదువు అనేవాడు నాన్న. ఒకసారి మధ్యలో ఆయనకి మడమ బెణికి ఇంటికొచ్చి మంచం మీద పడితే, నిప్ రెండు గంటలు అక్కడే, గడ్డిలో, చెవులు నిక్కబొడుచుకుని. అమ్మ వెళ్ళి ఈల వేయబోతే గాలి తప్ప ఏమీ రాలేదు, ఐదేళ్ళ గ్లెనిస్ ఊడిన పళ్ళ సందులోంచి వేసింది, పొట్టిగా రెండు. కొల్లబిన్ చుట్టూ పాడి పొలాలూ గొర్రెల పొలాలే, ఆ వరసలో నిలబడ్డ పిల్లల్లో ఆ ఈల ఎరగనివాళ్ళు లేరు. పధ్నాలుగు మందీ ఉన్నవాళ్ళు ఉన్నట్టే బిగుసుకుపోయారు. టిల్లీ ఒక కాలు గట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద. ట్యాంకరు గాలికి ఆ పిల్ల టోపీ కూడా లేచిపోయింది. కాగితం కిరీటం ఎనిమిది చక్రాల కిందికి వెళ్ళి మామూలు కాగితమై బయటికొచ్చింది. ట్యాంకరు ఆగలేదు, వేగం తగ్గలేదు. నడిపేవాడు తల వంచుకుని ఒళ్ళో ఫోను చూసుకుంటున్నాడు, ఫోను వెలుతురు గడ్డం మీద పడుతోంది. ఆ వంచిన తల ఎవరిదో ఆమెకు తెలుసు. ఆ తలను కన్నది తనే.

నేను తప్పు చేశానా అని అడిగింది టిల్లీ. లేదమ్మా, బాగా ఆగావు అంది గ్లెనిస్. అప్పుడు పలక ఎత్తి, రోడ్డు మధ్యకు వెళ్ళి, పదండి అంది, పిల్లలు దాటారు. రోజూ దాటినట్టే దాటారు. కైలీ తన ఫోనులోకి, మిగతా తల్లులు కార్లలో తమ ఫోన్లలోకి చూసుకుంటున్నారు, ఈల విన్నా ఎవరో కుక్కకి వేశారనుకున్నారు, ఇంకెవరూ చూడలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది, అంతకంటే ఏమీ చేయలేదు. చేయవలసింది ఏమిటో అప్పుడూ తెలుసు. బ్రెట్‌కి ఫోను చేసి, ఒరేయ్, ఇవాళ నువ్వు అని మొదలుపెట్టాలి. కానీ బ్రెట్ ఆమె ఫోను ఎత్తి అప్పటికి ఐదు నెలలైంది.

ఆ ఐదు నెలల సంగతి తలుచుకోవడం ఆమెకు ఇష్టం లేదు, తలుపు తీయకపోయినా లోపలికొచ్చే ఈగలాంటిది అది. మే నెలలో ఆమె భర్త కెవ్ పోయాడు. గుండె, ఈ జబ్బు కాదు, కానీ జబ్బు రోజుల్లో పోయాడు. శవపేటిక దగ్గరికి పది మందిని మించి రానివ్వం అన్నారు. నలభై ఏళ్ళు ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో తిరిగిన మనిషి, అరవై పెళ్ళిళ్ళలో గొర్రె మాంసం కాల్చిన మనిషి, పది మంది. ఒక కాగితం ఇచ్చి పేర్లు రాయమన్నారు. కెవ్ అక్కలు ముగ్గురు, తమ్ముడు, వాడి భార్య, తన అక్క జీన్, బ్రెట్, తను, కెవ్ చిన్ననాటి స్నేహితుడు, పదో పేరు దగ్గర ఆగింది. బ్రెట్ భార్య తాన్యా పేరు రాయాలి. జీన్ ఒంటరిగా నడవలేదు, చిన్నప్పుడు పోలియోతో కాలికి ఇనుప పట్టా పడ్డ మనిషి, ఎవరైనా పట్టుకోవాలి, అందుకని జీన్ కూతురి పేరు రాసింది. తాన్యా మంచిది, అర్థం చేసుకుంటుంది అనుకుంది. తాన్యా అర్థం చేసుకుంది, బ్రెట్ చేసుకోలేదు. అమ్మా, కాగితం ఎవడో ఇస్తే పేర్లు రాసేస్తావా, పన్నెండు రాస్తే ఏం చేస్తారు, నాన్నని బయటికి లాగేస్తారా అన్నాడు. క్లబ్బు వాళ్ళంతా రోడ్డు పక్కన కార్లలో కూర్చుని శవం బండి వెళ్తుంటే హారన్లు కొట్టారు. తాన్యా ఆ కార్లలో ఒకదానిలో ఉంది. వాడి కోపం మాస్కు మీద కాదని ఆమెకు తెలుసు. ఆ కాగితం మీద. మాస్కు దొరికింది కనక దాని మీద పెట్టుకున్నాడు, గుండెలో ఉన్నదాన్ని ఎక్కడో ఒకచోట దించాలి కదా.

నడవా చివర బల్ల వెనక ప్లాస్టిక్ తెర వెనక డెబ్ అనే అమ్మాయి ఏదో టైపు చేస్తోంది. "ఇంకో పది నిమిషాలు గ్లెనిస్, పైనుంచి వీడియోలో ఒకాయన కలవాలట, కలవట్లేదు." "మెల్లిగానే కానీ తల్లీ." పైన ఉన్నవాళ్ళు ఎప్పుడూ కలవరు, అది జబ్బు వల్ల వచ్చింది కాదు. మూడూ పదిహేను. మడమలు నొప్పి పుడుతున్నాయి, నిలబడితే పుట్టని నొప్పి కూర్చుంటే పుడుతోంది. కిటికీలోంచి పచ్చిక మీద జనం కనిపిస్తున్నారు, ఇరవై మంది ఉంటారు, అట్టముక్కలు పట్టుకుని, అందరి ఒంటి మీదా నల్ల చొక్కాలు, చొక్కాల మీద తెల్లగీతల బొమ్మ, ఆ బొమ్మ తనే. మాస్కు గడ్డం కింద, వేళ్ళు రెండు. కింద గ్లెనిస్ చెప్పింది అని రాసి ఉంది. ఏం చెప్పింది గ్లెనిస్, ఎవరైనా అడిగారా. రోడ్డుకు అటు మందుల షాపు ముందు ఏడెనిమిది మంది, మాస్కులతో, దూరం దూరంగా నిలబడి చూస్తున్నారు, వాళ్ళ పట్టుదల వాళ్ళది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం, తనకి పామూ కప్పా ఇద్దరూ చిన్నప్పటినుంచి తెలిసినవాళ్ళే, ఇద్దరి పిల్లల్నీ దాటించింది.

రోజ్‌మేరీ కూడా అక్కడే ఉంటుందా. పక్కింటి రోజ్‌మేరీ, నలభై ఏళ్ళ స్నేహం, బడిలో పంతులమ్మగా చేసి దిగిపోయింది, ఊపిరితిత్తులు సగం పని చేయవు. ఫిర్యాదు రాసింది ఆవిడే. రాసిన సాయంత్రమే కంచె దగ్గరికొచ్చి పిలిచింది, చేతిలో తన చెట్టు నిమ్మకాయలు ఒక సంచి. "నీ మీద రాశానమ్మా కౌన్సిల్‌కి. ఇంకెవరి నోటో వింటావని ముందే చెప్తున్నా." "ఎన్ని పేజీలు?" "రెండు." "తప్పులు లేవు కదా?" "నేను రాస్తే ఎందుకుంటాయే." రోజ్‌మేరీ కూతురు మెల్‌బోర్న్ ఆసుపత్రిలో నర్సు, పదమూడు గంటలు మాస్కు తీయకుండా ఉంటే ముక్కు మీద తోలు లేచిపోయిందట, ఆ ఫోటో కూడా రోజ్‌మేరీ చూపించింది. "నువ్వు ఎందుకు తీశావో నాకు చెప్పు గ్లెనిస్, ఆ రెండు పేజీలూ నేనే వెనక్కి తెచ్చుకుంటా." చెప్పలేదు. నిమ్మకాయలు మాత్రం తీసుకుంది, వాటితో ఏం తగువు. రోజ్‌మేరీ అడిగిన తీరే బాగుంది, మిగతా వాళ్ళెవరూ అడగలేదు, చెప్పారు.

తనకు మాస్కు మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. మెరిసే కోటు తొడుక్కోమంటే తొడుక్కుంది, ఈల ఇచ్చెయ్యమంటే ఇచ్చేసింది, ఇదీ అంతే. దాన్ని నిజంగా అసహ్యించుకున్నది ఊళ్ళో ఒక్కటే, బడి గేటు దగ్గర యూకలిప్టస్ మీది మాగ్‌పై పిట్ట. ఇక్కడ అక్టోబరుకి వచ్చే వసంతంలో గుడ్లు పెట్టగానే వచ్చేపోయే వాళ్ళందరి నెత్తిన పొడుస్తుంది, గ్లెనిస్‌ని తప్ప, ఇరవై రెండేళ్ళుగా ఆ పిట్ట, దాని తల్లి, దాని తల్లి, ఆమె ముఖం ఎరుగుదురు. ఈ ఏడు మాస్కు పెట్టుకుని వెళ్ళిన మొదటి రోజే చెవి మీద పొడిచింది, రక్తం వచ్చింది. ఎవరో కొత్త మనిషి అనుకుంది పాపం. పిల్లలు పడీ పడీ నవ్వారు. పిల్లలు మాత్రం కళ్ళు చూసే గుర్తుపట్టారు, వాళ్ళకి ఒక్క రోజు కూడా పట్టలేదు. జీన్‌కి పోలియో వచ్చిన ఏడాది ఏటి మడుగులో ఈతలు మాన్పించారట, అప్పుడూ ఊరు రెండుగా చీలిందని అమ్మ చెప్పేది, నీళ్ళు ఎవరబ్బ సొత్తని ఆపుతారు అని సగం మంది, పిల్లల్ని చంపుకుంటారా అని సగం మంది, చర్చి మెట్ల మీద కొట్టుకున్నారట కూడా. తర్వాత చుక్కల మందు వచ్చింది, ఎవరెవరు కొట్టుకున్నారో మర్చిపోయారు, జీన్ కాలు మర్చిపోలేదు.

మూడూ ఇరవై. ఫోటో వచ్చాక మొదటి ఆదివారం తలుపు చప్పుడైతే తీసింది, గుమ్మంలో బ్రెట్, వెనకాల తాన్యా చేతిలో మూత పెట్టిన పళ్ళెం. నలభై రెండేళ్ళ వాడు, కెవ్‌కున్నంత భుజాలు, ఏమీ అనకుండా కావలించుకున్నాడు. అప్పటికి ఆమెను మనిషి ముట్టుకుని ఎన్ని నెలలైందో ఆమె లెక్కపెట్టలేదు, ఒళ్ళు లెక్కపెట్టుకున్నట్టుంది, వెంటనే వదలలేదు. "వాళ్ళ మొహాన రెండు వేళ్ళు చూపించావమ్మా. నాన్న చూసుంటే ఊరంతా తిప్పేవాడు నిన్ను." వాడి కళ్ళలో నీళ్ళు. నువ్వూ మా వైపే అని ఆ కళ్ళు అంటున్నాయి, కాగితం ఇస్తే పేర్లు రాసే అమ్మ కాదు, పలక విసిరికొట్టే అమ్మ. చెప్పేసి ఉండాల్సింది అప్పుడే. నోరు తెరిచింది కూడా. తాన్యా పళ్ళెం మూత తీసింది, కాల్చిన గొర్రె మాంసం, కెవ్ కాల్చే పద్ధతిలోనే, ఇల్లంతా ఆ వాసన వేసింది. తిన్నారు. బ్రెట్ చూరు గొట్టంలో ఆకులు తీశాడు. వచ్చే ఆదివారం వస్తామమ్మా అన్నాడు, వచ్చాడు, మూడో ఆదివారం కూడా వచ్చాడు. అబద్ధం ఆమె ఆడలేదు, ఎదురుగా ఉన్నదాన్ని కాదనలేదు, అంతే. సిగ్గుచేటు సంగతి ఏమిటంటే ఆమె సుఖంగా ఉంది. ట్యాంకరుకీ పిల్లకీ మధ్య ఉన్న జానెడు చోటును అమ్మేసి కొడుకును కొనుక్కుంది.

సరే, లోపలికి వెళ్ళి ఏం చెప్పాలి. విసుగొచ్చి తీశాను, క్షమించండి అంటే, కోటు పోతుంది, కొడుకు ఉంటాడు. పిల్లను ఆపడానికి ఈల వేశాను అంటే, ఎందుకు ఆపారు అంటారు, బండి వచ్చింది, ఎవరి బండి, పాల బండి. మంగళవారం మూడున్నరకి బడి రోడ్డు మీద పాల బండి ఎవరిదో పాల కంపెనీ వాళ్ళ కాగితంలో ఉంటుంది. లైసెన్సు పోతుంది, పని పోతుంది, ఆదివారాలు పోతాయి. తెలియదు అంటే, ఏమీ చెప్పను అంటే. అలా అంటేనే అందరికీ మంచిది, పామూ కప్పా ఎవరి దారిన వాళ్ళు పోతారు. కానీ తలవంచుకుని ఫోను చూసేవాడు మళ్ళీ రేపు కూడా ఆ రోడ్డునే వెళ్తాడు, ఎల్లుండీ వెళ్తాడు, వాడికి తెలియదు కదా. గట్టు మీద తను ఉండదు. తొడుగుల మనిషి ఉంటాడు, వాడికి ఈల వేయడం రాదు. ఇన్ని రోజులూ ఈ మాట మనసు చివరి దాకా వచ్చి వెనక్కి వెళ్ళేది, ఇవాళ వెళ్ళలేదు, పక్క కుర్చీలో టేపు తీసి కూర్చున్నట్టు కూర్చుంది.

బ్రెట్‌కి నాలుగేళ్ళప్పుడు పొలంలో చెరువు గట్టు మీద బాతు వెంట పరుగెత్తాడు. కొత్తగా తవ్విన చెరువు, అంచు నుంచే రెండు నిలువుల లోతు. ఆమె కంచె దగ్గర ఉంది, నూరు గజాలు, పరుగెత్తినా అందదు, పేరు పెట్టి పిలిస్తే వాడు ఆటనుకుని ఇంకా ఉరుకుతాడు. ఈల వేసింది. కుక్కలు పడుకున్నాయి, బ్రెట్ ఆగాడు, నీళ్ళకు అడుగు దూరంలో, ఎత్తిన కాలు ఎత్తినట్టే. ఆమె వెళ్ళి చెయ్యి పట్టుకునేదాకా కదల్లేదు. కుక్క కంటే వీడే నయం, చదువు బాగా వంటబట్టింది అని నాన్న కన్నీళ్ళొచ్చేలా నవ్వాడు, తర్వాత వెళ్ళి ఆ రోజే చెరువు చుట్టూ తీగ కట్టాడు.

తలుపు తోసుకుని బ్రెట్ వచ్చాడు. పాల కంపెనీ జాకెట్టు, జిప్పు తీసి ఉంది, లోపల నల్ల చొక్కా మీద ఆమె. ముఖానికి ఏమీ లేదు. "ఇంకా పిలవలేదా అమ్మా? కావాలని చేస్తున్నారు, కూర్చోబెట్టి అరగదీద్దామని."

"సార్, మాస్కు పెట్టుకోవాలి ఇక్కడ," అంది డెబ్, ప్లాస్టిక్ తెర వెనక నుంచి ఒక అట్టపెట్టె జరిపింది. "ఊరికేనే ఇస్తున్నాం."

"మేం గొర్రెలకి కూడా కట్టం మూతులు," అన్నాడు బ్రెట్, కానీ డెబ్ చిన్న పిల్ల అని గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "నీ మీద కాదులే తల్లీ." మళ్ళీ అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు ఒక్కదానివే వెళ్ళొద్దు లోపలికి. బయట ఇరవై మంది ఉన్నారు, అందర్నీ తీసుకొస్తా. నడవా నిండా నిలబడతాం. ఎందుకు తీశావని అడుగుతారట, అడగమను. నాన్నకి పది మందిని లెక్కపెట్టారు కదా, ఇప్పుడు లెక్కపెట్టుకోమను."

"బ్రెట్, ఒక్క నిమిషం ఆగు."

"ఆగేది లేదమ్మా ఇంక." వాడు అప్పటికే తిరిగాడు, తలుపు వైపు పెద్ద పెద్ద అడుగులు, కెవ్ నడకే. రెండు వీధుల అవతల బడి గంట మోగింది, మూడున్నర. గట్టు మీదికి పిల్లలు వస్తున్నారు. ఆమె చెయ్యి మాస్కును గడ్డం కిందికి లాగింది. వేళ్ళు రెండూ నాలుక కిందికి వెళ్ళాయి.

పొడుగ్గా ఒక్కటి. నడవాలో ఆ ఈల గోడలకు కొట్టుకుని గడ్డాల పెద్దలందరి అద్దాల మీదుగా వెళ్ళింది. డెబ్ చేతిలో కలం పడిపోయింది. బ్రెట్ ఆగాడు. తలుపు పిడి మీద చెయ్యి ఉంది, ముందుకు వేసిన మడమ నేల ఆనలేదు.

"ఆ రోజు నేను ఎవరికీ వేళ్ళు చూపించలేదురా," అంది గ్లెనిస్. గొంతు మామూలుగానే ఉంది, అది ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. "ఈ ఈలే వేశాను. టిల్లీ రోడ్డు మీదికి దిగింది. నువ్వు జెండాల మధ్యలోంచి వెళ్ళిపోయావు, ఫోను చూసుకుంటూ. నీ బండికీ ఆ పిల్లకీ మధ్య జానెడు చోటు."

బ్రెట్ వెనక్కి తిరగలేదు. వీపు మాత్రమే కనిపిస్తోంది. తలుపు వైపే చూస్తూ అన్నాడు, "ఏ టిల్లీ?"

"వీలన్ వాళ్ళ పిల్ల."

"మంగళవారం కదా." వాడి గొంతు ఎక్కడో పొలం అవతల నుంచి వస్తున్నట్టుంది. "మంగళవారం వీలన్ వాళ్ళ పాలే ఎత్తుతాను. పొద్దున గేటు తీసేది ఆ పిల్లే. నాకు చెయ్యి ఊపుతుంది."

బయట పచ్చిక మీద ఎవరో ఏదో అరిచారు, మిగతా వాళ్ళు అందుకున్నారు, గ్లెనిస్ చెప్పింది, గ్లెనిస్ చెప్పింది. లోపలి గది తలుపు తెరుచుకుంది, హాల్పిన్ అనే కౌన్సిల్ ఆవిడ తల బయట పెట్టింది, మాస్కు పైన కళ్ళు అలసిపోయి ఉన్నాయి. "గ్లెనిస్ గారూ, రండి, ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు." తలుపు దగ్గర కదలకుండా నిలబడ్డ బ్రెట్‌ని చూసి ఆవిడ గొంతు కాస్త తగ్గించింది. "ఏమైనా జరిగిందా?"

"ఏం లేదమ్మా, వస్తున్నా," అంది గ్లెనిస్. లేచింది. మోకాలు కలుక్కుమంది. మాస్కు ముక్కు మీదికి లాక్కుంది, కళ్ళజోడు సర్దుకుంది, పలక లేని చేతులు పక్కన వేలాడేసి తలుపు వైపు నడిచింది. వెనక వాడు అలాగే నిలబడి ఉన్నాడని చూడకుండానే తెలుసు. పొట్టిగా రెండు వేస్తే వాడు కదులుతాడు. వస్తాడు, లేకపోతే ఆ తలుపు తోసుకుని పచ్చిక మీదికి పోతాడు. నాలుక కింద ఆ రెండు ఈలలూ సిద్ధంగా ఉన్నాయి. వేయలేదు. అది కుక్కలకి, పిల్లలకి. గుమ్మం దాకా వచ్చింది, లోపల బల్ల, బల్ల వెనక ముగ్గురు, గోడ మీద తెరలో ఇంకా కలవని మనిషి. అప్పుడు వెనక జిప్పు పైదాకా లాగిన చప్పుడు వినిపించింది. తర్వాత అడుగులు, బూట్లవి, బరువైనవి, తన వైపే. ఆమె పిలవలేదు.